అవసరం లేనట్టు నిలబడే విద్య

పెట్టుబడిదారుల సభకు బయల్దేరుతుంటే బాబాయి ఉపదేశించాడు: "అడిగేవాడు చులకనైపోతాడురా. నీకేమీ అవసరం లేనట్టు హుందాగా నిలబడు. ఎవరేమన్నా 'చూద్దాం' అను. డబ్బే నీ వెంటపడుతుంది."

ఇవాళ డబ్బు దొరక్కపోతే నా కంపెనీకి తాళం. రేపట్నుంచి నాన్న పెయింట్ల కొట్లో నా కొలువు.

హాలంతా కుర్రాళ్లు విజిటింగ్ కార్డులు పంచుతూ పరుగులు పెడుతున్నారు. కిటికీ దగ్గర ఒకావిడ మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా కాఫీ తాగుతోంది. డబ్బున్నవాళ్లు అలాగే తాగుతారు. వెళ్లి పక్కన హుందాగా నిలబడ్డాను.

"ఏం చేస్తుంటారు?" అంది.

"ఏవో చిన్నా చితకా. మీరు?"

"నేనూ అంతే. కలిసి ఏమైనా చేద్దామా?"

"చూద్దాం."

"చూద్దాం," అంది ఆవిడా.

హాలు ఖాళీ అయింది. కుర్చీలు సర్దేస్తున్నారు. ఇక నా హుందాతనం చచ్చిపోయింది.

"మేడమ్, మీరు పెట్టుబడి పెట్టకపోతే నా కంపెనీ మూతే!"

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. "చంపారు! మీరు పెడతారనే ఇంతసేపూ చల్లారిన కాఫీ తాగుతున్నా. నోరు తెరిచి అడగొద్దని మా పెదనాన్న ఆర్డరు."

"మా బాబాయీ అదే అన్నాడండీ."

"ఆయనది ఏం కంపెనీ?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు.

"అది మూసేశాక, మా నాన్న కొట్లో రంగులు కలుపుతున్నాడండీ."