ఆరో నంబరు మంచం

తనిఖీ ఆఫీసరు సురేందర్ స్కూటర్ స్టాండు వేయకముందే తిట్లు మొదలుపెట్టాడు.

"గేటు తీయనీకి ముహూర్తం చూస్తున్నవా? ఏయ్ వాచ్‌మన్!"

కుర్చీలో ఉన్న ముసలాయన గబగబా లేచాడు. ఖాకీ చొక్కా ఆయన ఒంటి మీద దిష్టిబొమ్మకు తొడిగినట్టుంది. రోడ్డు మీద దోసె పోస్తే కాలే ఎండలో కూడా పొడుగు చేతులకు మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉంది ఆ పది మంచాల ఆసుపత్రి. సర్కారు ఆరోగ్య బీమా కార్డు పట్టుకొచ్చే బీదాబిక్కీకి అదే పెద్ద దిక్కు. సురేందర్ తనిఖీకి వస్తున్నాడంటే అలాంటి ఆసుపత్రుల్లో బీపీ మిషన్లకే బీపీ పెరుగుతుందని చెప్పుకుంటారు.

ఆయన ఫోన్ తీసి ముసలాయన ఫోటో కొట్టాడు. 'వాచ్‌మన్ - హాజరు' అని రాసుకున్నాడు. పేరడగలేదు. వాచ్‌మన్‌కు పేరెందుకు?

"మొన్న పంజాగుట్టల ఒక దవాఖానకు పోయిన," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "అడ్మిటైన పేషెంటు మొక్కలకు నీళ్ళు పోస్తుండు. మంచిగున్నోన్ని పండబెట్టి బిల్లు లేపుతున్నరని రాసిన. పొద్దుమూకేసరికి బోర్డు పీకించిన. ఆ డాక్టరు ఇంకా స్టేషన్ చుట్టే తిరుగుతుండు. ఊఁ, ఆ ఫైళ్ళు పట్కరా!"

ముసలాయన ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఫైళ్ళ కట్ట ఎత్తబోతే నర్సు షెర్లిన్ పరుగెత్తుకొచ్చి లాక్కుంది.

"నువ్వెత్తకు తాతా!"

"మరి ఏం పనికి పెట్టుకున్నరు ఈయన్ని, పూజకా?" అన్నాడు సురేందర్.

ముసలాయన ముప్పై మెట్లకు మూడుసార్లు ఆగాడు. ఈ మనిషి మీదికి కాటేయడానికి పాము వచ్చినా పాముకే విషమెక్కుతుందని మనసులో అనుకున్నాడు.

పైన డాక్టర్ ప్రేమ్ సాగర్ నమస్కారం పెట్టాడు. సురేందర్ పట్టించుకోలేదు.

"స్టాఫ్ ఏరి? నలుగురు కూడ కనవడ్తలేరు."

"ఆరు నెలలసంది మీ ఆఫీసు బిల్లులు ఆపింది సార్. జీతాల్లేక పోయిండ్రు. ఉన్నోళ్ళమే తలా ఓ చెయ్యేస్తున్నం."

"ఏడుపు కథలొద్దు. మంచాలు చూపెట్టు."

ఒకటి నుంచి ఐదు దాకా సరిపోయాయి. ఆరో మంచం ఖాళీ. దుప్పటి మడత పెట్టి ఉంది.

సురేందర్ ముఖం పెళ్ళివారిల్లులా వెలిగిపోయింది. ఫైలు తెరిచి గట్టిగా చదివాడు.

"గట్టు మొగిలయ్య. అరవై నాలుగేండ్లు. సనత్‌నగర్‌ల లేతు మిషన్ పని. హెర్నియా ఆపరేషన్, ఇయ్యాల సాయంత్రం నాలుగింటికి. ఏడీ?"

ఆధార్ జిరాక్సులో ముఖం బొగ్గుబస్తాలో దాక్కున్న పిల్లిలా ఉంది.

డాక్టర్ ముసలాయన వైపు చూశాడు. ముసలాయన కిటికీలోంచి మెట్రో రైలు వైపు చూశాడు.

"ఇక్కడిక్కడనే ఉన్నడు సార్," అంది షెర్లిన్ సన్నగా.

"నడిస్తే పేగు జారేటోడు షికారు పోయిండా? మంచం మీద దయ్యాన్ని పండబెట్టి సర్కారు సొమ్ము మింగుతున్నరా? బీమా దవాఖానల లిస్టులకెంచి మీ పేరు కొట్టేస్త!"

"సార్, కింద వంతులవారీగా డయాలసిస్‌కు వచ్చేటోళ్ళు పద్దెనిమిది మంది ఉన్నరు," అన్నాడు డాక్టర్. "లిస్టుల పేరు లేకుంటే వాళ్ళు ఏడికి పోతరు?"

షెర్లిన్ రెండు కప్పుల టీ తెచ్చి పెట్టింది. సురేందర్ ఒకటి చప్పరిస్తూ ఆలోచించాడు. రెండో కప్పు ముసలాయన వైపు తోశాడు.

"తాగు."

"వద్దు సార్. ఇయ్యాల మంచినీళ్ళు సుత ముట్టొద్దు."

"ఉపాసమా?"

"అట్లనే అనుకో సార్."

"సూడు డాక్టర్, భక్తి అంటే గిది. ఉపాసమున్నోడు అబద్ధమాడడు." సురేందర్ కాగితం తీశాడు. "సరే, ఒక్కటే దారి. ఈ ఫైలు కొట్టేస్త. గా మొగిలయ్య కార్డు బంద్, ఆపరేషన్ బంద్. దవాఖాన జోలికి రాను. కానీ అసొంటి పేషెంటే లేడని మీ స్టాఫ్‌ల ఒకరు సాక్షి పడాలె. పడకుంటే మొత్తం మూత."

"అట్ల కాదు సార్," డాక్టర్ లేచాడు. "ఏమైతే అదైంది, నేను నిజం చెప్త..."

"నువ్వు కూసో డాక్టర్ సాబ్!" ముసలాయన గొంతు మొదటిసారి లేచింది. "పొద్దుగాల్నుంచి గేటు కాడ ఉన్నది నేను. నాకంటే ఎవలకెరుక? తే సార్, నేను పడ్త సాక్షి."

షెర్లిన్ గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

"శభాష్! ఇంతమందిల నిజమైన మనిషి ఒక్కడన్న దొరికిండు," అన్నాడు సురేందర్. "సంతకం రాదు కద? వేలు పెట్టు."

ఇంకు డబ్బీ తెరిచాడు.

'ఆరో నంబరు మంచం మీద గట్టు మొగిలయ్య అనే రోగి లేడు, ఉండగా నేనెన్నడూ చూడలేదు' అన్న వాక్యం కింద, సెలైన్ సూది గుచ్చిన కుడిచేతిని చొక్కాలోకి ఇంకాస్త లాక్కుని, ఎడమ బొటనవేలు గట్టిగా అద్దాడు గట్టు మొగిలయ్య.