పాలతో అందిన టీకా

ఉప్పాడ పిల్లలకు సూదిమందు అంటే ఏమిటో తెలియని కాలమది. సూదులు పోయి, టీకాలన్నీ ముక్కుతో పీల్చేవిగా మారిపోయాయి. అయినా నూకరత్నం మూడోసారి నెల తప్పినప్పుడు, టీకా వద్దంటూ అత్త పోలమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. గర్భసంచికి సోకిన జబ్బు వల్ల అంతకుముందు రెండు కడుపులు నిలవలేదు.

ఆ జబ్బుకు టీకా కనిపెట్టిన డాక్టర్ వసుమతి విద్యార్థులను వెంటబెట్టుకుని ఆ ఇంటికే వచ్చింది.

"ముక్కులో కొట్టింది కడుపులోకి ఎలాగెల్తాదమ్మా?" అని పోలమ్మ నిలదీసింది.

"మిరపకాయ కొరికితే మండేది నోరే కదా! ముక్కూ కళ్ళూ ఎందుకు కారతాయి? ముక్కు, నోరు, గర్భసంచి... వీటి లోపలి పొరలన్నీ చుట్టాలే పోలమ్మగారూ. ఒకచోట శత్రువు కనబడితే మిగతా చోట్లకీ కబురెళ్తుంది."

"అయితే బిడ్డ నిలుత్తాదా?"

నూకరత్నం అత్త వెనకనుంచి తొంగి చూసింది.

"ఆ మాట నేనివ్వలేను. ఈ జబ్బు బారిన మాత్రం పడకుండా కాపాడతాను," అంది వసుమతి.

ఇన్నాళ్ళూ తియ్యటి మాటలే విన్న నూకరత్నానికి ఆ నిజమే నమ్మకమిచ్చింది. అత్తను దాటుకొచ్చి టీకా పీల్చింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. వసుమతి విద్యార్థులతో మళ్ళీ వచ్చి పాలచుక్కను పరీక్షించి, "టీకా బలం నీ పాలలోకి దిగిందమ్మా. ఇక బిడ్డకు రోజూ టీకా వేసేది నువ్వే," అంది.

బిడ్డను నిలుపుకోలేని ఒళ్ళని ఊరంతా ఆడిపోసుకున్న ఒళ్ళది. నూకరత్నం తలెత్తి అత్తకేసి చూసింది.

"ఈరోజు పాఠం ఏంటి మేడమ్?" అని ఒక విద్యార్థిని అడిగింది.

వసుమతి చాపమీద కూర్చుని, "మాట్లాడకండి. పిల్ల పాలు తాగుతోంది, చూడండి," అంది.