రేకు మీద మూడో దెబ్బ

కిటికీలోంచి చున్నీ వేసి సీటు పట్టుకుంది యమున. తీరా ఎక్కి చూస్తే అందులో ఎవరో ఒకాయన కూర్చుని ఉన్నాడు.

మదనపల్లె బస్టాండులో చున్నీ పడ్డ సీటు తాతల నాటి ఆస్తితో సమానం. దానికోసం ప్రాణాలైనా ఇస్తారు.

"అది నా సీటన్నా."

యాభై దాటిన ఆ మనిషి పక్క సీట్లోకి జరిగి, చున్నీని మడతపెట్టి మరీ చేతికిచ్చాడు. ఇంత ఎండలోనూ మెడకు మఫ్లరు చుట్టుకున్నాడు.

"పలమనేరు" అన్నాడు కండక్టరుతో. అది వినడానికి కండక్టరు రెండుసార్లు చెవి ఒగ్గాల్సి వచ్చింది.

"టమోటా మండీలోనా అన్నా?" అడిగింది యమున. మండీలో వేలంపాట పాడేవాళ్లకు సీజన్లో గొంతు పోవడం మదనపల్లెలో వింతేమీ కాదు.

ఆయన ఒక్క క్షణం ఆగి, తలూపాడు.

యమున కుప్పానికి టిక్కెట్టు తీసుకుని ఫోను తెరిచింది.

ఆమె దెయ్యాల కథలు రాస్తుంది. ఫోనులో వినే కథలు. ఘాటు రోడ్డులో బస్సు పడి చనిపోయిన కండక్టరు గంగులయ్య, రోజూ ఆఖరి బస్సెక్కే కథ ఇప్పుడు నడుస్తోంది. ఎవరి పిచ్చి వారికానందం అంటారు గానీ, ఈ పిచ్చిలో ఆమెకు వేలమంది తోడున్నారు.

కథ ఆమెదే. ప్రాణం మాత్రం భీమరావుది. కుప్పంలో ఉంటూ, కథను తన గొంతుతో చదివి, రికార్డు చేసి పంపే మనిషి. ఆయన ముఖం ఆమె ఏనాడూ చూడలేదు. గంగులయ్య వచ్చేముందు ఆ గొంతు ఆగేది. బస్సు రేకు మీద రెండు దెబ్బలు పడేవి. కాస్త ఆగి మూడోది, నిద్రపోయే బిడ్డను జోకొట్టినట్టు మెల్లగా.

ఆ దెబ్బలు యమున రాసినవి కావు. ఆయనే కల్పించాడు. మొదటిసారి విన్నప్పుడు తన దెయ్యం మీద తనకే జాలి పుట్టింది. తలుపు మీద, బల్ల మీద తానూ ఎన్నోసార్లు కొట్టి చూసుకుంది. మూడో దెబ్బ ఎప్పుడూ అలా పడలేదు.

ఉగాది నుంచి భీమరావు చదవడం మానేశాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆయన చోట యాప్ వాళ్లు మిషను గొంతు పెట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, పేజీకొక భయం సీను ఉండి తీరాలని రూలు కూడా పెట్టారు.

ఇప్పుడిక ఆఖరి భాగం. దాన్నైనా ఆయన చేత చదివించాలని బయల్దేరింది.

రాసినంతవరకు మిషను గొంతులో పెట్టుకుని వింటుంటే, పక్కాయన ఉలిక్కిపడి చూశాడు.

"గంగులయ్య కతనా అమ్మా?" గుసగుసలాడినట్టు అడిగాడు.

"మీరూ ఇంటారా అన్నా? రాసేది నేనే!"

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు.

"భయం బాగుండాదమ్మా. మనిషే కనబడలా."

యమునకు చుర్రుమంది. టమోటాల వేలం పాడే మనిషి తనకు కథ రాయడం నేర్పుతున్నాడు!

"కత ముందుకు పోవాల కదన్నా. సీను మీద సీను పడతానే ఉండాల. ఇంగ మనిషికి జాగా యాడుండాది?"

"బస్సు కూడా ముందుకే పోవాల. అయినా నిలిపి మనుషుల్ని ఎక్కించుకుంటాది కదా. ఇంతకీ గంగులయ్యకి ఏం కావాల?"

"పగ."

"కాదమ్మా. కుప్పంలో వాళ్లింటికి పోవాల. రాగి సంగటి చేసిపెట్టి ఎదురుసూస్తా ఉంటారు. నీ భయం సీను అట్నే ఉండనీ. బస్సులో అందురూ అరస్తాంటే, వాడు టిక్కెట్లు కొడతా, 'కుప్పం ఇంగెంత సేపమ్మా' అని అడగనీ."

యమున వేలు ఫోను మీదే నిలిచిపోయింది.

భయం ఉంది. మనిషీ ఉన్నాడు. కథ కూడా కదిలింది.

పుంగనూరు వచ్చింది, వెళ్లింది. ఆమె తలెత్తలేదు. రాయడం అయ్యాక కళ్లు తుడుచుకుంది.

"దీన్ని భీమరావు సదవాలన్నా. ఆయన్ని ఎతుక్కుంటా పోతాండా. సదవకపోయినా సరే. ఎదురుగా కూర్చోని, ఆ గొంతుతో ఒక్క మాట మాట్లాడితే సాలు. ఆ గొంతు ఇనక ఎంత బెంగగా ఉండాదో మీకు తెలీదు."

ఆయన పెదవులు కదిలాయి. ముందుసీటు కమ్మీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

"పలమనేరులో ఏం పనన్నా?" కాసేపయ్యాక అడిగింది.

"ఆడ దిగి రాయవేలూరు పోవాల. పోయే ముందర మదనపల్లెలో ఒకర్ని సూద్దామని వచ్చినా."

ఈ సీమలో రాయవేలూరు అంటే పెద్దాసుపత్రే. ఎవరికి బాగలేదో అనుకుంది గానీ అడగలేదు.

"సూసినారా?"

ఆయన నవ్వాడు. "సూసినా."

పలమనేరు వచ్చింది. ఆయన లేచాడు.

"సంగటి మర్సిపోవద్దమ్మా."

"ఆఖరి భాగం తప్పకుండా ఇనండన్నా. భీమరావే సదువుతాడు, సూడండి!"

ఆయన తలూపి దిగిపోయాడు. తలుపు మూసి, ఇక పొమ్మని బస్సు రేకు మీద అరచేత్తో కొట్టాడు.

రెండు దెబ్బలు.

కాస్త ఆగి మూడోది. మెల్లగా.

బస్సు కదిలింది.

యమున దిగ్గున లేచింది. "ఆపండన్నా!"

"యాలమ్మా? నీది కుప్పం టిక్కెట్టు కదా?" అన్నాడు కండక్టరు.

ఆమె కిటికీలోంచి వెనక్కి చూసింది. దిగి ఏమని అడగాలి? ఒక్క మాట మాట్లాడమనా?

చేతిలో టిక్కెట్టు కుప్పం దాకా ఉంది. ఏ గొంతు కోసం ఆ టిక్కెట్టు కొన్నదో ఆ గొంతు, మెడకు మఫ్లరు చుట్టుకుని, పలమనేరులోనే దిగిపోయింది.