కౌశిక్ క్యారేజీ

ఇప్పటి కెమెరాలతో ఇదో గొడవ. ఏ వస్తువును ఫొటో తీసినా, దాన్ని రోజూ పట్టుకున్న చేతులు కూడా అందులో పడతాయి. రేపు కాలేజీలో ఇంటి సామాన్ల ఫొటోలు తీయాలి. "చేతులు పడితే మార్కులుండవు. వాడని వస్తువే తేవాలి," అని భానోజీ మాస్టారు ముందే చెప్పారు.

సుధేష్ణ గరిటెను ఫొటో తీసి చూసింది. అమ్మ చెయ్యి పడింది. చెంబును తీస్తే, పోయిన నానమ్మ వేళ్లు.

"మనింట్లో వాడందేటీ లేదామ్మా?"

అమ్మ అటక మీంచి స్టీలు క్యారేజీ దించి గట్టు మీద పెట్టింది. మూత మీద 'కౌశిక్' అని పేరు కొట్టించి ఉంది. సుధేష్ణ పుట్టకముందు, బడిలో చేరాల్సిన ఏడాదే జ్వరంతో పోయిన అన్నయ్య.

"దీన్నెవరూ ముట్టుకోలేదే. పట్టుకెళ్లు."

సుధేష్ణ ఫొటో తీసింది. క్యారేజీ చుట్టూ పడుచు చేతులు, వాటి మీద నరాలు తేలిన చేతులు. అన్నీ అమ్మవే. అన్నిటికన్నా పైనున్న చేతి మీద, నిన్న పోపు నూనె చింది లేచిన బొబ్బ.

అమ్మ ఆ చేతిని మెల్లగా కొంగు కింద దాచుకుంది.