మడమ దాకా మెరుపు

పొద్దున వంతెన దగ్గర కూర్చున్నప్పుడు ముసలాయన చేతిలో ఉన్నవి రెండు బ్రష్షులు, సగం వాడిన నల్ల పాలిష్ డబ్బా, ఒక పాత బనియను ముక్క, సీసాడు నీళ్లు. వాటికి తోడు కాపలా జవాను ఇచ్చిన మాట ఒకటి.

"అయిదింటికి వంతెన మూసేస్తాం. అప్పటిదాకా కూర్చో తాతా. నీవల్ల ఎవరైనా విసుక్కున్నారో, పెట్టెతో సహా ఏట్లో తేలతావు."

బేరం బాగానే కుదిరింది. సైన్యం ఉన్నచోట బూట్లుంటాయి. వాన కురిసినచోట బురద ఉంటుంది. రెండూ ఒకచోట దొరికితే వదులుకునేవాడు వ్యాపారి కాడు.

ఆ రోజు వంతెన మీద గట్టి తనిఖీ ఉంది. ముందు రోజు శిక్షణ శిబిరం నుంచి ఓ కుర్రాడు పారిపోయాడు. దొరికితే కాల్చేస్తామని గంటకోసారి మైకులో చెబుతున్నారు. దాచినవాళ్లకూ అదే గతి. ఏటికి అవతల వీళ్ల అధికారం చెల్లదు. ఇరవై ఏళ్లు, సన్నటి మనిషి, గుండు... జవాను చేతిలోని కాగితంలో అంతే ఉంది. అందుకని దాటే ప్రతివాడి తలగుడ్డా తీయించి చూస్తున్నాడు.

కూర్చున్నందుకు అద్దెగా ముసలాయన ముందు జవాను బూట్లే పట్టాడు. ముందువైపు మెరుగు పెట్టి మడమ వైపు తిప్పబోతే జవాను కాలు లాక్కున్నాడు.

"చాల్లే తాతా. జవాను బూటు ముందు మెరిస్తే చాలు. మడమ దాకా మెరిసిందంటే అది ఆఫీసరు బూటే. వాళ్లకి తుడవడానికి వేరే మనిషి ఉంటాడుగా! నేను మొహాలు చూడను. మడమ చూసి సెల్యూట్ కొడతా."

"మంచి లెక్కే బాబూ," అన్నాడు ముసలాయన.

"ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"మా ఆవిడ. ఆఫీసర్ల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తుంది. నేను వాళ్ల బూట్లు బాగుచేస్తా."

"అంటే మీ ఇంట్లో ఆఫీసరుకి తలకాయ ఒక్కటే తక్కువన్నమాట!" అని జవాను పగలబడి నవ్వాడు.

ముసలాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే మూత సరిగా పడని డబ్బాని మూడుసార్లు మూశాడు.

మధ్యాహ్నం దాకా ఆరు జతలు చేశాడు. డబ్బాలో వేలు పెట్టి చూసుకుంటూ, ఎవరికీ రెండో పూత వెయ్యలేదు. బేరం తెలిసినవాడు సరుకంతా పొద్దున్నే అమ్ముకోడు.

నాలుగూ నలభైకి సందు చివర నుంచి ఒక ఆఫీసరు నడిచి వచ్చాడు. టోపీ కనుబొమ్మల మీదికి దిగి ఉంది. ప్యాంటు మడత కత్తిలా ఉంది. బూట్లు మాత్రం చీలమండ దాకా బురద.

"జీపు చెడిపోయింది," అన్నాడు గాలిలోకి చూస్తూ. ఒక కాలు తెచ్చి పెట్టె మీద పెట్టాడు. "ఏయ్ ముసలోడా! కానీ, తొందరగా."

"చిత్తం దొరా."

బురద గీకాడు. తడిగుడ్డతో తుడిచాడు. కుట్టు సందుల్లో పుల్ల పెట్టి మట్టి తీశాడు. ఆఫీసరుకి ఎంత తొందరో, బూటు పెట్టె మీద టకటకా కొట్టుకుంటోంది. ముసలాయన దాని మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపటికి చప్పుడు ఆగింది.

మడమ దగ్గర బూటు కాస్త వదులుగా ఉంది. లేసు విప్పి మళ్లీ బిగించి కట్టాడు.

వేలికి బనియను ముక్క చుట్టి, చిన్న చిన్న సున్నాలుగా పాలిష్ పట్టించాడు. నీటిబొట్టు వేసి, నోటి ఆవిరి పట్టి, మళ్లీ రుద్దాడు. రెండో కాలి మడమ దగ్గరికి వచ్చేసరికి డబ్బా అడుగు గోకాల్సి వచ్చింది.

జవాను చేతులు వెనక్కి కట్టుకుని ఇటే వస్తున్నాడు.

ఆఫీసరు ఒక్కసారి గొంతెత్తాడు. "గుడ్డివాడివా? ఇదేనా మెరుపు? గాడిదలు కాసుకోక నీకెందుకయ్యా ఈ పని? చేతులు విరగ్గొట్టిస్తా!"

చివరిమాట దగ్గర గొంతు జీరపోయింది. దగ్గి సర్దుకున్నాడు.

"తప్పయింది దొరా. ముసలి చేతులు. ఇంకొక్క గుడ్డ దెబ్బ, అంతే."

జవాను ముసలాయన వంక కోపంగా చూసి, వేలితో ఏరు చూపించాడు. ముసలాయన తల ఇంకా వంచాడు. గుడ్డ రెండు కొసలూ పట్టుకుని మడమ మీద ఇటూ అటూ లాగాడు. అందులో కొంగల గుంపు ఎగురుతున్నట్టు మబ్బులు కనిపించేదాకా లాగాడు. తర్వాత బూటుని రెండు చేతుల్లోనూ ఓ క్షణం పట్టుకుని వదిలేశాడు.

"అయింది దొరా. వెళ్లండి."

ఆఫీసరు కిందికి చూడలేదు. జవాను పక్కనుంచే సాగిపోయాడు. జవాను మడమ చూశాడు. కాళ్లు టక్కున చేర్చి సెల్యూట్ కొట్టాడు.

వంతెన పొడుగు నూట ఎనభై అడుగులు. ముసలాయన పొద్దున్నే లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు కూడా ఒక్కటి వదలకుండా లెక్కపెట్టాడు. నూట ఎనభయ్యోది పడేదాకా గుడ్డ మడత పెట్టలేదు.

"అన్ని తిట్లు తిట్టి పైసా ఇవ్వకుండా పోయాడే!" అన్నాడు జవాను జాలిగా. "కేకేసి అడగనా తాతా?"

"వద్దు బాబూ, వద్దు! పోనీ."

పెట్టె సర్దుకున్నాడు. ఖర్చు: డబ్బా ఖాళీ, బనియను ముక్క పీలికలు. ఇంకో ఖర్చు మిగిలే ఉంది. బాగుచెయ్యమని ఇచ్చిన బూట్ల కోసం, ఇస్త్రీకి ఇచ్చిన యూనిఫారం కోసం రేపు ఓ మేజరు ఇంటికి వస్తాడు. ఆయనకి ఏం చెప్పాలో తేలలేదు.

ఇక రాబడి: ఇరవై ఏళ్లలో ఏనాడూ ఎదురు చెప్పి ఎరగని కొడుకు, ఆ పూట తండ్రిని నోటికొచ్చినట్టు తిట్టి, ప్రాణాలతో ఏరు దాటాడు.