బదులు గొంతు

మైకు గరగరలాడింది.

“ప్రయాణికులు దయచేసి గమనించండి. ఆరున్నర సర్వీసు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది.”

వంటింట్లో అనౌన్సరమ్మ చేతిలోని జావ గ్లాసును ఠక్కున గట్టు మీద పెట్టింది.

ఆ కుర్చీ తనది. ఆ మైకు తనది. పద్నాలుగేళ్ళుగా ఆ మాటలు తనవి. ఇల్లు బస్టాండు వెనక వీధిలోనే కావడంతో, తన మాటల్ని ఇంకొకామె నోట రోజంతా వినాల్సి వస్తోంది.

“అబ్బ, గంట కొట్టినట్టుంది గొంతు!” అన్నారు అత్తగారు.

అనౌన్సరమ్మ కడుపు భగ్గుమంది. పోనీ తిరిగి ఒక మాట అందామా అంటే నోరు స్వాధీనంలో లేదు. పళ్ళకు తీగలు కట్టాలంటే ముందు ఇరుకు దవడను వెడల్పు చేయాలని, డాక్టరు ఎముక కోసి, అంగిట్లో చిన్న మర బిగించి పది రోజులైంది. బుగ్గలు ఇంకా బుంగల్లా ఉన్నాయి. ముందు పళ్ళు రెండూ అలిగినట్టు చెరో పక్కకీ జరుగుతున్నాయి.

“ఊఁ, నోరు తెరువు.”

మరను రోజుకోసారి సన్నటి తాళంచెవితో తిప్పాలి. ఆ పని అత్తగారిది.

“కోడలి నోటి తాళం అత్త చేతికొచ్చింది. వీధిలో అత్తలందరూ నన్ను చూసి కుళ్ళుకుంటున్నారే!”

మామూలుగా అయితే అనౌన్సరమ్మ పగలబడి నవ్వేది. ఇప్పుడు చెవులన్నీ మైకు మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రమే బదులు మనిషి సూపు ఫ్లాస్కుతో గుమ్మంలో నిలబడింది. పాతికేళ్ళుంటాయేమో.

“ఎలా ఉన్నారక్కా? మీరు చేత్తో రాసిపెట్టిన బస్సుల వేళలు చూసే చదువుతున్నాను. ముత్యాల్లాంటి అక్షరాలక్కా మీవి.”

“షంతోషం,” అంది అనౌన్సరమ్మ. అందులో సంతోషమూ లేదు, ‘స’ కూడా లేదు.

“అదేనమ్మా మా బెంగ,” అత్తగారు మొదలుపెట్టారు. “మర ఆరు నెలలు తీయరట. ఆ పైన రెండేళ్ళు తీగలు. పలుకు తేడాగా ఉంటే, జనం నవ్వితే, సామాన్ల గదిలో కూర్చోబెడతానన్నారట మేనేజరుగారు.”

ఈవిడ నోటికి కూడా ఒక మర బిగిస్తే బాగుండు అనుకుంది అనౌన్సరమ్మ.

“అక్కా, ఒక్కసారి అనౌన్స్‌మెంట్ చెప్పరూ?”

“ఎందుకు?”

“వినాలని ఉంది.”

అనౌన్సరమ్మ ఉక్రోషంగా చెప్పింది. ఆ అమ్మాయి తల వంచి విన్నది. మధ్యలో ఆమె పెదవులు కూడా కదిలాయి.

“వెక్కిరించడానికొచ్చావా? పో!”

ఆ అమ్మాయి ఫ్లాస్కు అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మైకు గరగరలాడింది.

“...ఆరున్నర షర్వీషు మూడో ప్లాట్‌ఫారం మీద షిద్ధంగా ఉంది.”

అనౌన్సరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది.

“విన్నారా అత్తయ్యా! అందరి ముందూ నన్ను వెక్కిరిష్తోంది!”

“ఔరా, ఎంత గడుసుది!” అత్తగారు ముక్కున వేలేసుకున్నారు.

బస్టాండంతా ఒకటే నవ్వులట. కండక్టర్లు “షర్వీషో!” అని కేకలు పెడుతున్నారట. భర్త వచ్చి చెబుతుంటే అనౌన్సరమ్మ కడుపు చల్లబడింది. బాగా అయింది!

అయినా, పన్ను కట్టించుకున్నానని చెప్పుకుందట, ఆ అమ్మాయిని కుర్చీలోంచి ఎవరూ లేపలేదు. అనౌన్సరమ్మ ఉండబట్టలేక కాగితం తీసింది.

“మాట సరిగ్గా పలకలేనివాళ్ళను మైకు ముందు కూర్చోబెట్టడం ఏం న్యాయం? ఇట్లు, ఒక ప్రయాణికుడు.”

కవరు అంటించి, భర్త చేత ఫిర్యాదుల పెట్టెలో వేయించింది.

నాలుగు వారాలు గడిచాయి. మైకులో షకారం ఆగలేదు. వీధిలో నవ్వులే ఆగిపోయాయి.

సెలవు అయిపోయింది. అనౌన్సరమ్మ అద్దాల గదిలో తన కుర్చీలో కూర్చుంది. బదులు మనిషి పని నిన్నటితో ముగిసిందట. పీడ విరగడైంది. కానీ ఇప్పుడు నవ్వులపాలయ్యే వంతు తనది.

“...ఏడు గంటల షర్వీషు రెండో ప్లాట్‌ఫారం మీద షిద్ధంగా ఉంది.”

అద్దంలోంచి భయంభయంగా బయటికి చూసింది.

ఒక్క తలా ఇటు తిరగలేదు. ఎవరో పెద్దాయన సంచీ భుజాన వేసుకుని రెండో ప్లాట్‌ఫారం వైపు నడిచాడు. అంతే.

మేనేజరు లోపలికొచ్చాడు. ఆమె గబుక్కున లేచింది.

“షార్, నా పలుకు...”

“దానికేమైంది? అందరికీ అలవాటైపోయింది. మధ్యలో ఊరూ పేరూ లేకుండా ఎవరో ఫిర్యాదు రాశారు. ఆ అమ్మాయిని పిలిచి చూపిస్తే చాలాసేపు చూసింది. ‘నా పలుకు వల్ల ఎవరికైనా బష్షు తప్పిందా షార్?’ అంది. నేనేం చెప్పను? బస్సు తప్పనంతవరకు పలుకు వంకతో ఎవర్నీ లేపకూడదని ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాను. ఇంక నిన్నెవరు లేపుతారు? కూర్చో.”

ఆయన వెళ్ళిపోయాడు.

అనౌన్సరమ్మ కూర్చుంది. తను రాసిన బస్సుల వేళల కింద ఇంకో కాగితం కనిపించింది. పైకి లాగింది.

‘నవ్వినవాళ్ళు’ అని పైన రాసి ఉంది. కింద తేదీ పక్కన తేదీ, అంకె కింద అంకె. యాభై రెండు. నలభై ఏడు. ముప్పై. పదకొండు. రెండు. నిన్నటి తేదీ పక్కన సున్నా.

అట్టడుగున రెండు ముక్కలున్నాయి.

“ఫిర్యాదు మీద అక్షరాలు గుర్తుపట్టాను, మేనేజరుగారికి చెప్పలేదు. ఈ రోజు ఎవరూ నవ్వలేదు, ఇక మీరు వచ్చేయండక్కా.”