తడి మూట

మెతోది తాత మూట విప్పి, పూలన్నీ నేల మీద పరిచిన గోనెపట్టా మీద ఒంపేశాడు.

వరసలో నిల్చున్న పిల్లలంతా మెడలు చాచి చూశారు.

"ఎందుకు తాతా ఒంపేశావ్?" అంది జోర్నిత్స. పదకొండేళ్ళ పిల్ల.

"అడుగున చెయ్యి పెట్టి చూడు. తడి."

"నేనేం తడపలేదు."

"ఓహో! అయితే రాత్రి మీ అటక మీద మాత్రమే వాన కురిసిందన్నమాట!"

పిల్లలు పకపకా నవ్వారు. జోర్నిత్స మొహం కందిపోయింది.

జూన్ వచ్చిందంటే బాల్కన్ కొండల కింద మా ఊళ్ళో పిల్లలందరికీ ఇదే పని. లీపా చెట్లెక్కి పూలు కోయడం, అటక మీద నీడన ఆరబెట్టడం, మూటగట్టి మెతోది తాత కాటా దగ్గరికి మోసుకెళ్ళడం. చలికాలంలో టీ కాచుకునే పూలవి. పట్నంలో మూలికల కంపెనీ తరఫున ఆయన కొంటాడని అందరికీ తెలుసు. ఎక్కణ్ణుంచి వచ్చాడో, నా అన్నవాళ్ళున్నారో లేదో ఎవరికీ తెలీదు. మా ఊరి వాళ్ళు అడిగిన పాపాన పోలేదు. మనిషి మహా కచ్చితం. పూలలో ఒక్క ఆకు కలిసినా తూకం వెయ్యడు.

జోర్నిత్సకి సముద్రం చూడాలని ఉంది. బడివాళ్ళు రెండ్రోజులు నల్ల సముద్రానికి తీసుకెళ్తున్నారు. మనిషికి నలభై లెవాలు కట్టాలి.

"సగం నువ్వు సంపాదించు, సగం నేనిస్తా," అంది వాళ్ళమ్మ వెస్కా. "అడగ్గానే చేతిలో పెడితే డబ్బు విలువ నీకెట్లా తెలుస్తుందే?"

తొమ్మిది రోజులు చెట్లెక్కింది పిల్ల. మోచేతులు గీరుకుపోయాయి. తీరా చూస్తే మూట దూదిలా తేలిగ్గా ఉంది. ఎండిన పువ్వుకి బరువెక్కడిది! ఆ పొద్దున్న ఎవరూ చూడకుండా చెంబుడు నీళ్ళు చిలకరించింది.

"రేపే డబ్బు కట్టాలి తాతా!"

"పొడి పూలు పట్రా, మరుక్షణం డబ్బు చేతిలో పెడతా. తడి పూలకి చిల్లిగవ్వ ఇవ్వను."

జోర్నిత్స ఏడ్చుకుంటూ ఇంటికెళ్ళింది. తాత పూలు ఒంపేశాడని చెప్పింది. నీళ్ళ సంగతి చెప్పలేదు.

వెస్కా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"నీ నోట్లో మన్ను పడ! నా బిడ్డ తొమ్మిది రోజులు ఒళ్ళు హూనం చేసుకుంది! పిల్లల కష్టం తినడానికి సిగ్గులేదూ? ఆ కాటాలో ఏం మాయ పెట్టావ్?"

క్షణంలో జనం పోగయ్యారు. మా ఊరి నోళ్ళ సంగతి చెప్పేదేముంది!

"నాకెప్పట్నుంచో అనుమానమే," అన్నాడు మంగలి దింకో.

మెతోది తాత జోర్నిత్స వైపు చూశాడు. ఆ పిల్ల తల్లి వెనకాల నక్కి నిల్చుంది. నీళ్ళు చల్లిందని ఆయన ఒక్క ముక్క అంటే చాలు.

అనలేదు.

"మళ్ళీ ఆరబెట్టుకు రమ్మన్నానమ్మా, అంతే," అన్నాడు.

"ఇక మా వీధి పిల్లలెవరూ నీ గడప తొక్కరు!"

అన్నంత పనీ చేసింది వెస్కా. పైగా ఈ ముసలాడు దొంగ అని కంపెనీకి ఉత్తరం కూడా రాసింది. నలభై లెవాలూ తనే కట్టింది.

జోర్నిత్స సముద్రం చూసింది. అందరూ కేరింతలు కొడుతుంటే, తలనొప్పని ఒడ్డునే కూర్చుంది.

ఆ పై జూన్లో పిల్లలెవరూ కాటా దగ్గరికి రాలేదు. తాత మాత్రం రోజూ తలుపు తీసి గుమ్మంలో కూర్చునేవాడు. జోర్నిత్స ఆ వీధే మానేసి, చుట్టూ తిరిగి బడికి పోయేది.

మూడో జూన్లో ఇక తట్టుకోలేక అమ్మ దగ్గర బావురుమంది.

"నీళ్ళు నేనే చల్లానమ్మా."

వెస్కా అలాగే కూలబడింది. "ఎంత పని చేశావే! తాతలాంటి మనిషిని నా చేత అన్నేసి మాటలనిపించావు కదే!" అని ఏడ్చింది. "నేను మాత్రం ఏం చేశాను? నిన్నొక్క మాట అడక్కుండానే మీదపడిపోయాను."

ఇద్దరూ క్షమాపణ చెప్పుకుందామని వెళ్తే తలుపుకి తాళం ఉంది.

"దగ్గెక్కువై ఫిబ్రవరిలో పట్నం ఆసుపత్రికి పోయాడు," అంది పక్కింటావిడ. "అక్కడే పోయాడట. నాకూ నిన్ననే తెలిసింది. అందరిళ్ళకీ అంటించినట్టు, ఫలానా మనిషి పోయాడని తలుపు మీద చావు కాగితం అంటించే దిక్కు కూడా లేకపోయింది పాపం."

కనీసం కంపెనీ వాళ్ళ దగ్గరైనా ఆయన మీద పడ్డ మచ్చ చెరిపేద్దామని, మర్నాడే తల్లీకూతుళ్ళు పట్నం బస్సెక్కారు.

"నేను రాసిందంతా అబద్ధమమ్మా," అంది వెస్కా కంపెనీ ఆఫీసులో. "ఆయన నిజాయితీపరుడు. ఆ ఉత్తరం చించెయ్యండి."

అక్కడి పెద్దావిడ కళ్ళజోడు తీసి ఇద్దర్నీ చూసింది.

"ఆ ఉత్తరం అప్పుడే ఆయనకి చూపించాం. జవాబు రాయొద్దని బతిమాలాడు."

"ఎందుకు?"

"నిజం రాయాల్సొస్తుంది కదా. మీ ఊళ్ళో కొనుగోళ్ళు మేం ఎత్తేసి పన్నెండేళ్ళయింది. ఎత్తేసిన రోజు ఇక్కడే కూర్చుని ఎంత మొత్తుకున్నాడో. 'పిల్లలు కష్టపడి సంపాదించుకోడానికి ఆ ఊళ్ళో ఇంకేముందండీ' అన్నాడు. మేం వినలేదు."

"మరి పిల్లలకి ఇచ్చిన డబ్బో?" అంది జోర్నిత్స.

"మీ పూలు కొన్నది మేం కాదు తల్లీ, ఆ ముసలాయన తన పింఛను డబ్బుతో కొన్నాడు."